తాళపుచెవుల పంపకము

నెల్లూరు నుండి తూర్పుగా పోయి మైపాడు చేరినవారికి సముద్రపుటొడ్డున పట్టపువారి పాలెములు కనిపించును. ఏప్రిల్ నెల నడిమికి వచ్చుసరికి అచ్చటి మరపడవలు ఒడ్డునకు చేరి, వలలు బాగుకొరకు గుడిసెల ముందర పరచబడి యుండును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, యంత్రపు పడవల వేట నిషేధింపబడుచున్నది. ఆ రెండు నెలలు గడుచుటకు ప్రభుత్వ మిచ్చు భృతి ఆ కుటుంబములకు పెద్ద ఆసరా. దానికి పేరు నమోదు చేయించుకొను గడువు ఎప్పటి వరకు? ఏ కాగితములు కావలెను? జాబితాలో పేరు కలదా, లేదా? ఈ ప్రశ్నలకు సమాధానమును పాలెమువారు నేడు చేతిలోని ఫోనులో వెదకుచున్నారు.

కొంతకాలము క్రిందట తీరప్రాంత కార్యక్రమ మొకటి రికార్డు చేయుటకు మేము ఆ ప్రక్కకు పోయి యుంటిమి. ఒక పాలెములో, ఎండుచేపలు తిరగవేయుచున్న ఒక పెద్దమ్మ మా మైకును చూచి దగ్గరకు వచ్చి, "అయ్యా, మీరు రేడియోవాళ్లు గదా, ఈ సంగతి కూడా చెప్పండి. ఫోనులో ఇరవయ్యో తారీకు దాకా అని ఉండె. మా మనవడే చదివి చెప్పినాడు. పంతొమ్మిదిన పోతే పదిహేనుతోనే అయిపోయిందమ్మా అన్నారు. ఫోను అబద్ధం చెప్పిందా, ఆఫీసు అబద్ధం చెప్పిందా?" అని యడిగినది.

ఆ ప్రశ్నకు సమాధానము తెలిసికొనవలెనని మేము సంబంధించిన కార్యాలయమునకు పోతిమి. ఆ కార్యాలయము పేరు ఇచ్చట అనవసరము. ఫోనూ అబద్ధమాడలేదు, ఆఫీసూ అబద్ధమాడలేదు. మొదట ఎవరో 15 అని వ్రాసిరి. తరువాత ఎవరో వేరొక పథకపు ప్రకటనను దిద్దబోయి దీనిని దిద్దిరి. ఎవరు దిద్దిరో చెప్పగలవారు లేరు. ఏలయన ఆ కార్యాలయములో అయిదుగురు ఒక్కటే పేరుతో, ఒక్కటే పాస్‌వర్డుతో ఆ వెబ్‌సైటు లోపలికి పోవుచుండిరి. యంత్రము నడిగిన, దిద్దినవాడు 'అడ్మిన్' అని మాత్రమే చెప్పినది. ఆ అడ్మిన్ అయిదుగురిలో ఎవరైనను కావచ్చును. ఉద్యోగము విడిచిపోయి, పాస్‌వర్డును మాత్రము జ్ఞాపకముంచుకొన్న ఆరవవాడైనను కావచ్చును.

అచ్చట ఎవరికిని దురుద్దేశము లేదు. లేనిది తాళపుచెవుల పంపకము. ఎవరు వ్రాయవలెను, ఎవరు దిద్దవలెను, ఎవరు ప్రకటింపవలెను, ఎవరు ఇల్లు మొత్తమునకు కాపలా యుండవలెను అను ఏర్పాటును గురించియే నేడు మేము ముచ్చటింపదలచినాము.

ఈ ఏర్పాటు మనకు క్రొత్తది కాదు. మన పల్లెలలో 1984 వరకు వంశపారంపర్యపు గ్రామోద్యోగము లుండెడివి. కరణము అడంగలు వ్రాయును, లెక్కలు కట్టును. మునసబు శిస్తు వసూలు చేయును. నీరుగట్టి చెరువు తూము కడ నీటి వంతులు చూచును. వెట్టివాడు దండోరా వేయును. దండోరా వేయువాడు ఊరంతటికి వినిపించునే గాని, ఏమి వినిపింపవలెనో తాను నిర్ణయింపడు. కరణము లెక్క వ్రాయునే గాని, సొమ్ము పుచ్చుకొనడు. ఏడాదికొకమారు జమాబందీలో పై అధికారి వచ్చి ఊరి లెక్కలన్నియు తరచి చూచును. ఆ పద్ధతిలో పుట్టుకనుబట్టి పని వచ్చుట మొదలైన దోషములు కలవు. అందువలననే అది పోయినది. అయినను అందులో ఒక మంచి సూత్రము దాగియుండెను. వ్రాయు చేయి వేరు, వసూలు చేయు చేయి వేరు, తనిఖీ చేయు కన్ను వేరు.

ఇక వెబ్‌సైటు సంగతి. వెబ్‌సైటునకు రెండు ముఖము లుండును. ఒకటి లోకమునకు కనిపించు వీధివాకిలి. రెండవది లోపలి గది. అచ్చట కూర్చుండి ప్రకటనలు వ్రాయుట, ఫొటోలు చేర్చుట, తప్పులు దిద్దుట జరుగును. కంప్యూటరు భాష తెలియని సామాన్య ఉద్యోగి కూడ ఉత్తరము టైపు చేసినట్లు ఈ పనులన్నియు చేసికొనుటకు వీలు కల్పించు యంత్రాంగమునకు కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని పేరు. ఇట్టివి పెక్కు కలవు. బెల్జియము దేశస్థుడు డ్రీస్ బయ్‌టార్ట్ 2001లో వెలువరించిన డ్రూపల్ ఒకటి. 2005లో వచ్చిన జూమ్లా మరియొకటి. అన్నిటికంటె ఎక్కువ వాడుకలో నున్నది వర్డ్‌ప్రెస్. దీనిని మాట్ మలెన్‌వెగ్, మైక్ లిటిల్ అను ఇరువురు 2003 మే 27న తొలిసారి విడుదల చేసిరి. నేడు లోకములోని వెబ్‌సైట్లలో నూటికి నలుబదికి పైగా దీనిమీదనే నడచుచున్నవని లెక్కలు చెప్పుచున్నవి. ఇది ఉచితము. బడికి, గ్రంథాలయమునకు, సహకార సంఘమునకు కూడ అందుబాటులో నున్నది. కనుక దీనినే ఉదాహరణగా తీసికొందము.

వర్డ్‌ప్రెస్ తొలినాళ్లలో వాడుకరులకు సున్న మొదలు పది వరకు అంతస్తు లుండెడివి. పదవ మెట్టువాడు సర్వాధికారి, సున్న మెట్టువాడు కేవలము చదువరి. మధ్యనున్న ఆరవ మెట్టువానికిని ఏడవ మెట్టువానికిని భేద మేమియో సామాన్యునకు తెలియుట కష్టము. 2005 డిసెంబరులో వచ్చిన రెండవ సంచికతో ఈ నిచ్చెన స్థానమున 'పాత్రలు' వచ్చినవి. పాత్ర యనగా మెట్టు కాదు, కొన్ని అనుమతుల మూట. 'వ్రాయవచ్చును' అనునది ఒక అనుమతి. 'ప్రకటింపవచ్చును' మరియొకటి. 'ఇతరులు వ్రాసినది దిద్దవచ్చును' వేరొకటి. 'బొమ్మ లెక్కింపవచ్చును' ఇంకొకటి. వాడుకరి ఏదైన పని చేయబోయినపుడు, ఇతడు పెద్దవాడా, చిన్నవాడా యని యంత్రము విచారింపదు. ఆ పనికి తగిన అనుమతి ఇతని మూటలో కలదా లేదా యని మాత్రమే చూచును.

ఇట్టి మూటలు మామూలుగా అయిదు. అన్నిటికంటె చిన్నది సబ్‌స్క్రైబర్ మూట. ఇతడు పేరు నమోదు చేసికొని లోపలికి రాగలడు, తన వివరములు తాను మార్చుకొనగలడు. అంతకుమించి ఏమియు చేయలేడు.

రెండవవాడు కంట్రిబ్యూటర్. ఇతడు వ్రాయును, పరిశీలనకు పంపును. తాను ప్రకటింపలేడు. బొమ్మ లెక్కింపలేడు. తాను వ్రాసినది ఒకమారు ప్రకటితమైన తరువాత దానిని తాకలేడు. ఈ కడపటి నియమము మొదట వినుటకు కఠినముగా తోచును. నా వ్రాత నేను దిద్దుకొనరాదా? దిద్దుకొనవచ్చును, అయితే లోకము చూడకముందు. పరిశీలకుడు సరి చూచి బయటికి పంపినదానిని, ఆయనకు తెలియకుండ మరల మార్చుటకు వీలున్నచో పరిశీలనకు అర్థము లేదు గదా!

మూడవవాడు ఆథర్. ఇతడు తన వ్రాతను తానే ప్రకటించును, బొమ్మలు చేర్చును, తప్పున్న దిద్దుకొనును. ఇతరుల వ్రాతల జోలికి మాత్రము పోలేడు. నాలుగవవాడు ఎడిటర్. ఎవరు వ్రాసినదైనను దిద్దుటకు, ప్రకటించుటకు, తొలగించుటకు ఇతనికి అధికారము కలదు. అయినను ఇతడు క్రొత్త వాడుకరులను చేర్చుకొనలేడు, యంత్రాంగమునకు క్రొత్త పరికరములు బిగింపలేడు. అయిదవవాడు అడ్మినిస్ట్రేటర్. ఆ సైటులో ఇతడు చేయలేని పని లేదు. మనుష్యులను చేర్చును, తీసివేయును. ప్లగిన్లు అనబడు అదనపు పరికరములను బిగించును. సైటు రూపమును మార్చును.

ఇట చాలమంది పొరబడుదురు. కార్యాలయములో ఎవరు పెద్దయో వారికే అడ్మినిస్ట్రేటర్ తాళ మీయవలెనని తలంతురు. ఇది సరికాదు. హోదా వేరు, పాత్ర వేరు. పై అధికారికి నిత్యము వలయునది చదువుట, అప్పుడప్పుడు సరియని చెప్పుట. ఆయన ఫోను పోయినచో, ఆయన మూటలోని అనుమతులన్నియు దొంగ చేతిలో పడును. మూట చిన్నదైనచో నష్టమును చిన్నదే. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశములో గ్రామ, వార్డు సచివాలయములు ప్రారంభమైనపుడు వానిలో డిజిటల్ అసిస్టెంటు అను ఉద్యోగము నేర్పరచిరి. అట్టి యువకు డొకడు, జీతములో అందరికంటె చిన్నవాడైనను, ప్రకటనలను సరిచూచు నేర్పు గలవాడైనచో ఎడిటర్ కావచ్చును. ఆయన పై అధికారి కంట్రిబ్యూటర్‌గా వ్రాసి ఆయనకు పంపవచ్చును. ఇందులో ఎవరికిని చిన్నతనము లేదు.

ఈ ఆలోచనకు శాస్త్రాధారము కూడ కలదు. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అను ఇరువురు 1975లో ప్రకటించిన ఒక వ్యాసములో, ప్రతి వాడుకరియు తన పని పూర్తి చేసికొనుటకు అవసరమైనంత కనీసపు అధికారముతో మాత్రమే పని చేయవలెనని సూత్రీకరించిరి. 1992లో అమెరికాకు చెందిన డేవిడ్ ఫెరాయొలో, రిచర్డ్ కూన్ అనువారు, అధికారములను మనుష్యులకు గాక పాత్రలకు ముడివేసి, మనుష్యులకు పాత్రల నిచ్చు పద్ధతిని శాస్త్రీయముగ నిరూపించిరి. దాని ప్రయోజనము మన కార్యాలయములలో సులభముగా తెలియును. ఒక గుమాస్తా బదిలీ అయినచో ఆయన పాత్రను తీసి వచ్చినవానికి ఇచ్చినచో చాలును. అనుమతుల నొక్కొక్కటిగా లెక్కపెట్టి తీయుచు కూర్చుండ నక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది ఒక్క సైటును గురించి. ఇరువది పాలెములకు, లేక ఒక జిల్లాలోని గ్రంథాలయ శాఖలకు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సైటు కావలసినచో ఏమి చేయవలెను? ఇరువది యిండ్లు వేరువేరుగ కట్టినచో ఇరువది కప్పులు మరమ్మతు చేసికొనవలెను. ఒక్కదాని మరమ్మతు మరచిపోయిన అక్కడ దొంగ దూరును. ఈ చిక్కునకు విరుగుడుగా మల్టీసైట్ అను ఏర్పాటు వచ్చినది. వర్డ్‌ప్రెస్‌లో ఇది మొదట వేరు శాఖగా నుండి, 2010 జూన్ 17న విడుదలయిన మూడవ సంచికలో మూలములోనే కలిసిపోయినది.

దీని స్వరూపము మా రేడియో శ్రోతలకు చెప్పుట సులభము. ఆకాశవాణి యొక్కటియే. అందులో విజయవాడ కేంద్రము, విశాఖపట్టణము కేంద్రము, కడప కేంద్రము, తిరుపతి కేంద్రము వేరువేరుగ కలవు. ఢిల్లీ నుండి వచ్చు వార్తలను అన్ని కేంద్రములు ప్రసారము చేయవచ్చును. అయితే కడప కేంద్రము సాయంకాలము ఏ నాటిక వేయవలెనో విజయవాడ కేంద్రము నిర్ణయింపదు. సాంకేతిక ప్రమాణములు ఉమ్మడి, కార్యక్రమములు ఎవరివి వారివి. మల్టీసైట్ కూడ ఇట్టిదే. యంత్రాంగ మొక్కటి. దానిమీద ఎన్ని సైట్లయినను నిలువవచ్చును. ప్రతి సైటునకు తన వ్రాతల పెట్టెలు వేరు, తన బొమ్మల అర వేరు, తన చిరునామా వేరు. చిరునామా కూడ రెండు విధముల నమర్చవచ్చును. ఉమ్మడి చిరునామాకు చివర శాఖ పేరు తగిలించుట ఒక విధము. ముందు తగిలించుట మరియొక విధము.

ఇక వాడుకరుల జాబితా మాత్రము అందరికి కలిపి ఒక్కటే. ఇదియే ముఖ్యముగా గ్రహింపవలసిన విషయము. మనిషి పేరు ఒక్కమారే నమోదగును. కాని పాత్ర ప్రతి సైటునకు వేరుగ వ్రాయబడును. ఒకే ఉద్యోగి మైపాడు పుటలకు ఎడిటర్‌గా నుండి, జువ్వలదిన్నె పుటలకు కంట్రిబ్యూటర్‌గా నుండి, కృష్ణపట్నపు పుటలలో అసలు ప్రవేశమే లేనివాడై యుండవచ్చును. ఒక ఊరి పెద్దరికము మరియొక ఊరిలో చెల్లదని మన పెద్దలు ఎరుగని మాటయా?

ఈ ఏర్పాటులో అడ్మినిస్ట్రేటర్ అధికారము కొంత తగ్గును. ఒంటి సైటులో సర్వాధికారియైన ఆయన, మల్టీసైట్‌లో తన సైటునకు మాత్రమే పెద్ద. క్రొత్త ప్లగిన్లు బిగించుట, క్రొత్త రూపముల నెక్కించుట ఆయన చేతిలో నుండవు. బిగించియున్న వానిలో తనకు అనుమతించినవానిని వాడుకొనగలడు. బిగించు అధికారము సూపర్ అడ్మిన్ అనువానికి పోవును. సైట్లను పుట్టించుట, మూయుట, ఏ సైటులోనికైనను ప్రవేశించుట ఆయనకు సాధ్యము. ఇట్లేల చేసిరన, ఒక్క శాఖ బిగించిన చెడు పరికరము తక్కిన శాఖలన్నిటిని కూల్చగలదు. కప్పు ఉమ్మడిదైనపుడు ఎవరికి వారు కప్పునకు చిల్లులు పెట్టరాదు.

అందువలన సూపర్ అడ్మిన్ తాళము మిక్కిలి ప్రమాదకరమైనది. ఆ ఒక్క పాస్‌వర్డు పోయినచో ఒక సైటు గాదు, అన్ని సైట్లును పోవును. సైట్లు పెరిగిన కొలది ఆ తాళము పట్టిన చేతులు కూడ పెరుగుచుండుట పెక్కుచోట్ల చూచుచున్నాము. జరుగవలసినది దీనికి విరుద్ధము. ఇల్లు పెద్దదైన కొలది పెత్తనపు తాళము తక్కువ చేతులలో నుండవలెను. ఇరువురు చాలును. ఒక్కరే యుండరాదు. ఆ ఒక్కరికి జబ్బు చేసినచో ఇల్లే మూతపడును.

మన జిల్లా వెబ్‌సైట్లే ఇట్టి ఉమ్మడి పద్ధతికి దగ్గరి ఉదాహరణము. 1976లో స్థాపితమైన జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రము, అనగా ఎన్.ఐ.సి., 'ఎస్ త్రీ వాస్' అను ఒక ఉమ్మడి చట్రమును తయారు చేసినది. దేశములోని జిల్లాల వెబ్‌సైట్లు ఆ చట్రమునుండి వెలువడుచున్నవి. నెల్లూరు జిల్లా సైటును, తిరుపతి జిల్లా సైటును ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. రూపురేఖలు అక్కచెల్లెండ్ర వలె నుండును. లోపలి సంగతులు మాత్రము ఎవరివి వారివి.

నెల్లూరు జిల్లాకు ఈ విషయము మరియొక కారణమున కూడ ముఖ్యమైనది. ఈ జిల్లా సరిహద్దులు పలుమారులు కదలినవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు కందుకూరు, కనిగిరి ప్రాంతములు నెల్లూరు నుండి అందులోనికి పోయినవి. 2008లో జిల్లా పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాగా మారినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో కందుకూరు తిరిగి నెల్లూరుకు వచ్చినది. గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతములు క్రొత్త తిరుపతి జిల్లాకు పోయినవి. వానితోపాటు శ్రీహరికోట, నేలపట్టు పక్షుల కేంద్రము కూడ పోయినవి. ఒక జిల్లా చీలినపుడు ఊళ్ల జాబితా మారుట ఒక దినపు పని. తాళపుచెవుల జాబితా మారుట అంత సులభముగ జరుగదు.

ఇట్టి సందర్భమున ఏ కార్యాలయమునకైనను మూడు ప్రశ్నలు ఎదురగును. పాత సైటులో నున్న పుట ఇప్పు డెవరిది? దానిని దిద్దవలసినవా రెవరు? ఆ ప్రాంతమునుండి బదిలీ అయిపోయిన ఉద్యోగికి పాత సైటులో పాత్ర ఇంకను నిలిచియున్నదా? ఈ మూడవ ప్రశ్నను సాధారణముగ ఎవరును అడుగరు. ఒక సైటునుండి మనిషిని తీసివేయుట వేరు, ఉమ్మడి జాబితానుండియే తుడిచివేయుట వేరు. మొదటిది చేసి రెండవది చేసితిమని తలచినచో, ఆయన తక్కిన సైట్లలో మిగిలియే యుండును. పాత ఇంటి తాళము క్రొత్త ఇంటికి పోయినవాని జేబులో నుండుట ఇద్దరికిని మంచిది కాదు. రేపొక తప్పు జరిగినచో, నిర్దోషియైన ఆయన మీదికి కూడ అనుమానము పోవును.

మనిషిని తుడిచివేయునపుడు యంత్ర మొక ప్రశ్న వేయును: ఇతడు వ్రాసినవన్నియు తుడిచివేయవలెనా, లేక మరియొకరి పేరిట మార్చవలెనా? తొందరలో 'తుడిచివేయుము' అని నొక్కినచో, ఆయన పదేండ్లుగా వ్రాసిన ప్రకటనలన్నియు పోవును. కనుక ఆ ప్రశ్న వచ్చినపుడు ఒక్క నిమిషము ఆగి, వ్రాతలను వారసునకు అప్పగించి, తరువాత పేరు తీయవలెను. ఉద్యోగి పోవును, దస్త్రము నిలువవలెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "ఇన్ని కట్టుబాట్లు పెట్టినచో అవసరమునకు పని జరుగునా? అర్ధరాత్రి తుపాను వచ్చినది, ఎడిటరుగారు నిద్రించుచున్నారు, ప్రకటన ఎవరు పెట్టవలెను?" అని యడుగవచ్చును. తీరవాసులకు ఇది వట్టి తర్కము కాదు. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన పెను తుపానును మరవనివారు ఈ సీమలో పెక్కుమంది యున్నారు. తుపాను వేళ ఒక గంట ఆలస్యము ప్రాణములకే ముప్పు.

దీనికి సమాధానము మన రేవులలోనే కలదు. తుపాను సమయమున రేవులలో ఒకటవ నంబరు మొదలు పదకొండవ నంబరు వరకు ప్రమాద సూచికలు ఎగురవేయుదురు. ఏ నంబరు ఎగురవేయవలెనో వాతావరణ శాఖ తెలుపును. ఎగురవేయుట రేవువారి పని. రేవులోని మనిషి ఆకాశమును చూచి తన తోచిన నంబరు ఎగురవేయడు. అట్లని సందేశము వచ్చిన తరువాత ఎగురవేయుటకు ఆలస్యమును చేయడు. ఏలయన ఆ పనికి రాత్రింబవళ్లు ఎవరో ఒకరు నియమితులై యుందురు. మా స్టూడియోలోను ఇంతే. తుపాను హెచ్చరిక వచ్చినపుడు అనౌన్సరు దానిని ఉన్నది ఉన్నట్లు చదువును. ఒక అంకె స్పష్టముగ లేకున్న డ్యూటీ ఆఫీసరు నడుగును గాని, తన ఊహతో పూరింపడు. ఎవ రెప్పుడు ఏమి చేసినది లాగ్ పుస్తకములో నమోదగును.

కావున అత్యవసరమునకు మందు అందరికి తాళము లిచ్చుట కాదు, వంతు లేర్పరచుట. ఒక ఎడిటరు ఊరిలో లేనపుడు రెండవ ఎడిటరు ఎవరో ముందే నిర్ణయమై యుండవలెను. తుపాను మాసములలో రాత్రి వంతు ఎవరిదో గోడమీద వ్రాసి యుండవలెను. అయిదుగురికి ఒక్క తాళ మిచ్చినచోట, ఎవరో ఒకరు చేయుదురులే యని అయిదుగురును నిద్రింతురు. ఇద్దరి పేర్లు వ్రాసియున్నచోట ఒకరు మేలుకొనియుందురు.

ఇంటిలోనో, సంఘములోనో, బడిలోనో ఒక సైటును నడుపుచున్నవారు ఈ ప్రసంగము చదివిన పిమ్మట చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, ప్రతి మనిషికి వేరు పేరు, వేరు పాస్‌వర్డు ఉండవలెను. ఉమ్మడి పేరు ఒక్కటియు మిగులరాదు. రెండవది, క్రొత్తవానిని మొదట కంట్రిబ్యూటర్‌గా చేర్చి, పని చూచి, అవసరమైనచో పెంచవలెను. అధికార మిచ్చుట తేలిక, ఇచ్చినదానిని తిరిగి పుచ్చుకొనుట మనసులకు కష్టము. మూడవది, అడ్మినిస్ట్రేటర్ పాత్ర గలవాడు కూడ దినచర్యకు చిన్న పాత్ర గల వేరొక పేరును వాడుకొనుట మేలు. వంటింటిలోనికి పోవుటకు ఇనుపపెట్టె తాళము పట్టుకొని తిరుగము గదా! నాలుగవది, పెద్ద పాత్రలకు పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చు అంకెలను కూడ అడుగు రెండవ తాళమును తప్పక పెట్టవలెను. అయిదవది, ఏడాదికొకమారు మన పాత జమాబందీవలె వాడుకరుల జాబితాను ముందు పెట్టుకొని, ఒక్కొక్క పేరును చదివి, ఈతడు ఇంకను ఇచ్చట కలడా, ఈ పాత్ర ఇంకను అవసరమా యని విచారింపవలెను.

వేరు పేర్లున్నచో మరియొక లాభము కూడ కలదు. వర్డ్‌ప్రెస్ వంటి యంత్రాంగములు ఒక ప్రకటనను దిద్దినపుడెల్ల దాని పాత రూపమును, దిద్దినవాని పేరును, వేళను దాచియుంచును. ఆ పెద్దమ్మ యడిగిన ప్రశ్నకు, వేరు పేర్లున్న కార్యాలయములో అయిదు నిమిషములలో సమాధానము దొరకి యుండెడిది. ఫలానావారు ఫలానా వేళ 15ను 20గా మార్చిరి, పొరబాటున మార్చిరి అని తెలిసినచో, ఆ పొరబాటువలన వచ్చినవారి దరఖాస్తులు పుచ్చుకొనుటకు పై అధికారికి ఆధార మొకటి చిక్కియుండెడిది. తప్పు చేసినవానిని పట్టుకొనుటకంటె, తప్పువలన నష్టపోయినవానికి న్యాయము చేయుటకే ఈ నమోదు ఎక్కువ అక్కరకు వచ్చును. మచ్చలేని ఉద్యోగికి కూడ అదియే రక్ష.

ఆ దినము మేము తిరిగి పాలెమునకు పోయి జరిగినది చెప్పినపుడు ఆ పెద్దమ్మ కొంతసేపు ఊరకుండి, "అయితే ఎవరు మార్చినారో మీకు కూడా తెలియలేదన్నమాట" అని చేపలు తిరగవేయుటకు పోయినది. ఆమె మాటలో కోపము లేదు. అది మాకు మరింత కష్టమనిపించినది.

మీ కార్యాలయములో, మీ సంఘములో, మీ బడిలో రేపు ఉదయము ఒక్క ప్రశ్న అడిగి చూడుడు: "మన సైటులోని ఈ తేదీని మార్చగలవా రెందరు? వారి పేర్లేమి?" అడిగిన వెంటనే పేర్లు వరుసగా చెప్పగలిగినచో మీ తాళములు పదిలముగ నున్నట్లే. చెప్పలేకపోయినచో, ఆ సాయంకాలమే కూర్చుండి తాళపుచెవుల పంపకము మొదలుపెట్టుడు.